ముందు మిద్దె ఎక్కుదాం

చెప్పులు విప్పకండి. మనం ఇంట్లోకి పోవడం లేదు, నేరుగా మిద్దె మీదికే. మెట్లకు ఒకపక్క గోడ తప్ప రెండోపక్క ఏ ఆధారమూ లేదు కాబట్టి గోడవారగానే ఎక్కండి. అలాగని గోడ మీద చెయ్యి మాత్రం ఆనించొద్దు. అది పడమటి గోడ. టైము మధ్యాహ్నం మూడు. ఊరు నంద్యాల. మే నెల మొదటి వారం. మన అక్షాంశంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చే రోజులివి. ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి వస్తాడు గానీ అప్పటికి మబ్బులు అడ్డుంటాయి. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు.

పైకి వచ్చాక కాసేపు కళ్లు చికిలించుకునే నిలబడాలి. ఎండకు అంతా తెల్లగా కనిపిస్తుంది గానీ ఈ సిమెంటు తెలుపు కాదు. నిరుటి వానలకు పట్టిన నాచు ఎండిపోయి నల్లటి పెచ్చులుగా లేచి ఉంది. మూలన నల్ల సింటెక్స్ ట్యాంకు. ఈ వేళప్పుడు స్నానాల గదిలో కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం, మే నెలంతా ఈ ఇంట్లో గీజరు స్విచ్చి మీద దుమ్మే. నాలుగు మూలలా, మధ్యలోనూ పిల్లర్ల కమ్మీలు మూరెడు మూరెడు పైకి తేలి ఉన్నాయి. పైన ఇంకో అంతస్తు వేస్తానని మా నాయన 1986లో వదిలిపెట్టినవి. తెలుగు ఊళ్లలో ఏ డాబా మీద చూసినా ఇవే. ఆ అంతస్తు పడలేదు. కమ్మీలు తుప్పు పట్టాయి, ఆ తుప్పు వెంబడే వాన నీళ్లు పిల్లర్లలోకి దారి చేసుకున్నాయి.

నా చేతిలో ఉన్నది కరోనా రోజుల్లో షాపుల ముందు నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు జాతిదే. కాకపోతే ఇది జ్వరాలకు కాదు. మిద్దెకు గురిపెట్టి మీట నొక్కితే 61 డిగ్రీలు చూపించింది. ట్యాంకు పక్కన 62. ట్యాంకు నీడ పడినచోట 43.

"ఏమప్పా, ఆడేముందిరా చూడ్డానికి? ఎండకు పోతారు. కిందికి రండి, డిజైన్లు చూపిస్తా," అని కిందనుంచి మా అన్న కేక.

డిజైన్లు ముందుగదిలో సోఫా మీద ఉన్నాయి, చూద్దాం. రంగు రంగుల త్రీడీ బొమ్మలు. హాలు కప్పు చుట్టూ పసుపు లైట్లు దాచిన ఫాల్ సీలింగు, గోడ పొడవునా చెక్క టీవీ యూనిట్, నున్నటి పెద్ద పెద్ద టైల్సు, అరలన్నీ వాటంతట అవే మూసుకునే వంటిల్లు. ఇల్లు మొత్తం బాగు చేయించాలని అన్నావదినలు పూనుకున్నారు. కొడుక్కు సంబంధాలు చూస్తున్నారు, అదొక తొందర. పదిహేను లక్షలు అనుకున్నారు. ఆ బొమ్మలన్నీ తిరగేసి చూశాను. మనం ఇప్పుడు నిలబడ్డ ఈ మిద్దె బొమ్మ వాటిలో ఒక్కటి కూడా లేదు. కాబట్టే మిమ్మల్ని ముందు ఇక్కడికి తీసుకొచ్చాను.

మేస్త్రీ అప్పటికే పనిలో పడ్డాడు. పెద్ద వయసు మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని, చిన్న సుత్తితో నేల మీద కొట్టుకుంటూ పోతున్నాడు. టంగ్, టంగ్, టంగ్... డబ్. అక్కడ ఆగి, సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తాడు. మళ్లీ టంగ్, టంగ్. అరగంటకు మిద్దె మీద సగానికి పైగా సున్నాలే.

"డొల్లగా పలుకుతాంది సార్. పైపూత లేచిపోయింది. లోపల నీళ్లు నిలబడి ఉంటాయి," అన్నాడు.

వాన నీళ్లు పోయే తూము దగ్గరికి రండి. మేస్త్రీ అక్కడ ఉలితో చేటంత మేర పగలగొట్టాడు. వంగి చూడండి. ఈ ఇంట్లో 1986 నుంచి ఏం జరిగిందో పొరలు పొరలుగా ఉంది. అన్నిటికన్నా కింద శ్లాబు, నాలుగున్నర అంగుళాలు. దాని మీద మూడంగుళాల సున్నపు గచ్చు: ఇటుక ముక్కలు, సున్నం కలిపి, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ చెక్కలతో బాది బాది చేసింది. దాని మీద ఎప్పుడో ఉరిస్తే వేసిన సిమెంటు పూత. దాని మీద తారు. తారు మీద మళ్లీ సిమెంటు. అన్నిటి పైనా వెండిరంగు పెయింటు, అదీ ఊడిపోతోంది. ఒక్కో పూత ఒక్కో వానాకాలపు తొందర. పాతది తీసి కొత్తది వేద్దామని ఎవరూ అనుకోలేదు. ఇలా మనుషులు తిరిగే డాబాకు లెక్కలో ఉంచే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. రెండంగుళాల కాంక్రీటు పూత ఒక్కటే 120 కిలోలు తూగుతుంది. అంటే ఈ శ్లాబు ఇన్నాళ్లూ మనుషుల కోసం ఉంచిన బలంతో మరమ్మతుల బరువు మోస్తోంది.

ఇప్పుడు ఒక మెట్టు కిందికి దిగండి. ఇక్కడి నుంచి వెనక సగం మా జేజినాయన కట్టిన మట్టి మిద్దె. సిమెంటు అయిపోయి చవుడు మొదలైంది. చవుడంటే ఊరి బయట తెల్లగా పొంగే ఆ ఉప్పు మట్టే. అది తడిస్తే బిగిసిపోతుంది, నీళ్లను తొందరగా కిందికి వదలదు. ఏటా తొలకరికి ముందు బండ్లతో తోలించి మిద్దెకు పోయించేవాళ్లు. పక్కన ఎండిన గడ్డి దుబ్బులు, మధ్యలో బండ మూసిన గవాచి. గవాచి తెలియని వాళ్లకు: మిద్దెకు పెట్టిన కంత. పగలు వెలుతురు, రాత్రి గాలి దాన్లోంచే. వానొస్తే బండతో మూసేస్తారు.

థర్మామీటరు పెడితే మట్టి మీద 59.

"చూస్తివా, ఇదీ అంతే కదా!" మా అన్న ఉండబట్టలేక మెట్లెక్కి వచ్చాడు. నిజమే, పైన రెండూ దాదాపు ఒకటే. ఎండకు తండ్రి ఇల్లు, తాత ఇల్లు అనే తేడా ఉండదు. తేడా కింద ఉంది, పదండి దిగుదాం.

ముందుగది. ఫ్యాను ఐదులో తిరుగుతోంది, గాలి మాత్రం ఇస్త్రీపెట్టె దగ్గర నిలబడ్డట్టే. పైకి చూడండి. కప్పుకు గోధుమరంగు మరకలు, ఫ్యాను పక్కన పెచ్చు ఊడి రెండు కమ్మీలు కనిపిస్తున్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలదోస్తుంది. సోఫా మీది బొమ్మల్లో ఫాల్ సీలింగు వచ్చేది సరిగ్గా ఈ పెచ్చుల కింద. కనపడకుండా పోతాయి, నిజమే. లోపల ఊడటం మాత్రం ఆగదు, ఊడిన ముక్క ఆ జిప్సం పలక మీద పడేదాకా ఎవరికీ తెలియదు. కప్పు అడుగున 41 డిగ్రీలు. ఈ అంకె గుర్తుంచుకోండి, ఇంకా పెరుగుతుంది. నాలుగున్నర అంగుళాల కాంక్రీటు గుండా వేడి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నడిమధ్యాహ్నం ఎండ సాయంత్రానికి కప్పు కిందికి చేరుతుంది, ఆఫీసునుంచి మనిషి ఇంటికి చేరే వేళకు.

గడప దాటి పడసాలలోకి రండి. తల కొంచెం వంచండి, ఈ వాకిలి జేజినాయన ఎత్తుకు పెట్టించింది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కాస్త టైము పడుతుంది. అడుగున్నర మందం రాతి గోడలు, పైన టేకు దూలం, దాని మీద అడ్డంగా మద్ది దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆపైన అడుగుకు మించి మట్టి. అమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. టీవీ ఇక్కడే ఉంది. ఫ్రిజ్ కూడా. మార్చి వెళ్లాక ఇంటిల్లిపాదీ ఇక్కడికే చేరతారు, ముందుగది చుట్టాలకు. దంతెల మధ్య గురిపెడితే 33.

పైన రెండు డిగ్రీలు తేడా, కింద ఎనిమిది.

అడుగు మందం మట్టి గుండా వేడి దిగడానికి పది గంటల దాకా పడుతుంది. మధ్యాహ్నం బయల్దేరినది రాత్రికి గానీ రాదు, వచ్చేసరికి అందులో మిగిలేదీ కొసరే. ఈలోగా పొద్దు గుంకి మిద్దె పైభాగం చల్లబడి, వేడి తిరిగి ఆకాశానికే పోతుంది. జేజి బతికున్నప్పుడు రోజూ తొమ్మిదికల్లా కిటికీ తలుపులన్నీ బిగించేది, దీపాలు పెట్టే వేళకు తెరిచేది, గవాచి మీది బండ జరిపించేది. వేడిగాలి పైకి పోయేది. ఇందులో ఏ పరికరమూ లేదు, ఉన్నదల్లా క్రమశిక్షణ. అది ఇప్పుడు కిటికీలకు పెట్టే ఆటోమేటిక్ కర్టెన్లకన్నా కష్టమైన సరుకు, ఒప్పుకుంటాను.

కష్టం ఏమిటంటే, మా అన్న ప్లానులో మొదటి పని ఈ భాగాన్ని పడగొట్టడం. ముందు శ్లాబు లాంటిదే వెనక కూడా వేసి, ఇల్లంతా ఒక్క తీరుగా చెయ్యాలని.

"నువ్వు హైదరాబాదులో ఉండి మట్టిమిద్దె బాగుంటాదంటావ్," అన్నాడు. "ఈడ ఎలకలు. అన్నం తింటాంటే మట్టి రాలతాది. పోయిన వానలకు తేలు పడింది అమ్మ పక్కన. సంబంధానికి వచ్చినోళ్లు వెనక్కి చూస్తారేమోనని వాకిలికి కర్టెన్ కట్టినాం."

అబద్ధం ఒక్కటీ లేదు. పాత ఇళ్లను పొగిడే వ్యాసాల్లో ఎలకలు, తేళ్లు ఉండవు, అదే వాటితో ఇబ్బంది. చల్లగా ఉంటుందని చెప్పి మనిషిని మట్టి రాలే కప్పు కింద అన్నం తినమనలేం. కాబట్టి అడగాల్సింది పడగొట్టాలా వద్దా అని కాదు. ఇందులో ఏది చెడింది, ఏది చెడలేదు అని.

మేస్త్రీ నిచ్చెన వేసుకుని స్క్రూడ్రైవరుతో దూలాలను పొడుస్తున్నాడు. చూడండి, మొన అర అంగుళం కూడా దిగడం లేదు. ఇంకో చోట, దిగలేదు. దంతెలు ఒక్కొక్కటీ. గోడలోకి దూరే చివర్ల దగ్గర ఆగి, సెల్‌ఫోన్ లైటు వేసి, చెవి ఆనించి కూడా విన్నాడు. చెద ఉంటే చిటపటలాడుతుందట. ఉత్తరపు మూల దూలం చివర పొడవగానే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది, బయటికి తీస్తే వెంట ఎర్రటి పొడి. కింద గోడ చూస్తే అసలు సంగతి అర్థమైంది. చెమ్మ ఎక్కుతోందని ఎప్పుడో నేలనుంచి మూడడుగుల ఎత్తున సిమెంటు పూశారు. రాయి, మట్టి, సున్నం గోడ లోపలి తేమను బయటికి వదిలేస్తుంటుంది. సిమెంటు దారి మూసింది. తేమ పూత వెనకే పైకి పాకి, పూత అయిపోయిన చోట గోడంతా తెల్లటి ఉప్పు పెచ్చులుగా పూసింది. ఆ మూలన పైనుంచి ఉరుపు, కిందనుంచి చెమ్మ. మధ్యలో దూలం కొన.

"ఒక్కటే పోయింది సార్. రెండు దంతెలు అనుమానం. మిగతావి మనకన్నా గట్టిగుండాయి," అన్నాడు మేస్త్రీ నిచ్చెన దిగుతూ. తర్వాత మా అన్న వైపు తిరిగి, "పడగొట్టమంటే పడగొడతా. నాకైతే అదే సులువు. కొత్త శ్లాబుకు నాకు కూలీ ఎక్కువ. అడిగినారు కాబట్టి చెప్తాండా."

తనకు వచ్చే పనిని తనే వద్దన్న ఆ మాటకు అన్న కొంచెం మెత్తబడ్డాడు. ఉన్నపళంగా కాదు.

అసలు తప్పు మట్టిలో లేదు, మట్టి ఎక్కువ కావడంలో ఉంది. ఏటేటా పోసిన చవుడు తొలగించకుండా మీద మీద పోస్తూ వచ్చారు. గవాచి అంచు దగ్గర కొలిస్తే కొన్ని చోట్ల పంతొమ్మిది అంగుళాలు. అడుగు మందం మట్టే చదరపు మీటరుకు సుమారు అయిదు వందల కిలోలు ఉంటుంది, ఇక్కడ దానికి ఒకటిన్నర రెట్లు. మేస్త్రీతో కూర్చుని పడసాల నేల మీదే ప్లాను గీశాం. ఒక్కో గదినీ విడిగా విప్పాలి, మొత్తం ఒకేసారి కాదు. దూలం కింద పోటు కర్రలు పెట్టి మట్టి దించాలి. చివికిన దూలం మార్చాలి. దంతెల మీద ఆ చిన్న కట్టెల బదులు పలచటి బేతంచర్ల బండలు పరిచి సందులు సున్నంతో పూడ్చాలి, అప్పుడు మట్టి రాలదు, ఎలకకు దారి ఉండదు. ఆ పైన జల్లెడ పట్టిన పాత మట్టే తొమ్మిది, పది అంగుళాలు, వాలు చూసుకుని. గోడకు ఆ మూడడుగుల సిమెంటు చెక్కేసి సున్నం. బేతంచర్ల ఎంతో దూరం లేదు, బండల పని తెలిసిన వాళ్లకు ఇక్కడ కొరత లేదు. గవాచికి బండ బదులు అద్దం, దాని కింద వలతో తెరుచుకునే చట్రం. తేలుకు ప్రవేశం బంద్.

వదిన ఇంతసేపూ ఏమీ అనలేదు. టీ గ్లాసులు తెచ్చి ఇచ్చి, "మీ మిద్దెలు అయితే ఒకసారి నా వంటింట్లోకి రండి," అంది.

పదండి. అయిదు కావొస్తోంది, పడమటి గోడకు ఇదే పూర్తి ఎండ వేళ. వంటిల్లు ఇంటికి వాయవ్యాన ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, మీద సన్నటి సిమెంటు పూత, ఇప్పుడు లోపలి వైపే 39. పైన శ్లాబు. పక్కన స్టవ్. కిటికీ పైన సన్‌సైడు రెండడుగులు ముందుకు వచ్చి ఉంది, నీడ కిటికీ మీద పడటమే లేదు. సాయంత్రం ఎండ పక్కనుంచి, కిందుగా వస్తుంది. దానికి అడ్డంగా పెట్టిన సజ్జ ఏం చేస్తుంది? నిలువుగా ఏదైనా ఉండాలి, తడకో, తీగో, తలుపు రెక్కో. మే నెలలో మన దక్షిణపు గోడ మీద మధ్యాహ్నం ఎండే పడదు, సూర్యుడు నడినెత్తికి వచ్చి, ఆపైన ఒకింత ఉత్తరానికి కూడా జరుగుతాడు. మనవాళ్లు పెద్ద సజ్జలన్నీ దక్షిణానికి వేయించి పడమరను వదిలేస్తారు.

"రాత్రి చపాతీలు చేసేది ఏడింటికి," అంది వదిన. "అప్పుడు పైన శ్లాబు, పక్కన గోడ, ముందు పెనం. మూడు పెనాలు. మీ అన్న ఆ డిజైనాయనకు టీవీ ఎక్కడ పెట్టాల్నో గంటసేపు చెప్పినాడు. వంటింటి గురించి అరలెన్ని కావాలని తప్ప నన్నెవరూ ఏం అడగలేదు."

వంటిల్లు ఆగ్నేయానికి మార్చమని వాస్తు చూసినాయన ఎప్పుడో చెప్పాడట. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఆగ్నేయంలో పొద్దుటి ఎండ మాత్రమే తగులుతుంది, సాయంత్రం నీడ. ఎండాకాలం గాలి మనకు ఎక్కువగా పడమటి వైపునుంచే, కాబట్టి వంటింటి వేడి, పొగ ఇంట్లోకి కాకుండా బయటికి కొట్టుకుపోతాయి. ఆయన ఏ కారణంతో చెప్పినా చెప్పింది సరైన చోటే. వాయవ్యపు గదిని స్నానాలకు, సామాన్లకు వాడుకుంటే పడమటి ఎండను అవే కాచుకుంటాయి, ఎవరూ అక్కడ గంటలకొద్దీ నిలబడరు.

కిటికీల గురించి ఒక్కమాట. బొమ్మల్లో జరిపే రకం యూపీవీసీ కిటికీలున్నాయి. అందంగా ఉంటాయి, దుమ్ము రాదు. అయితే ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. రాత్రి గాలి కావాల్సిన ఊళ్లో సగం కిటికీకి పూర్తి డబ్బులు ఇచ్చినట్టు. రెక్కలు బయటికి తెరుచుకునేవి అడగండి. వైరింగు సంగతి ఇంకా తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ చర్చకేమీ లేదు: చెక్క పట్టీల మీద పాత వైర్లు, పింగాణీ ఫ్యూజులు, సగం ప్లగ్గులకు ఎర్త్ లేదు. మొత్తం మార్చడమే, ఏసీలకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగడమే. గోడలు గాడి కొట్టేది ఒక్కసారే కాబట్టి కుళాయిల పైపులు కూడా ఆ వేడి మీదే.

వెనక దొడ్లో సిమెంటు రేకులున్నాయి, జాగ్రత్త, వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టొద్దని మేస్త్రీకి చెప్పాం. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకులుగానే దించాలి.

ఇక డబ్బు. ఆరింటికి ముందుగదిలో కూర్చున్నాం, కప్పు 45 దాటింది. అన్న నోటుపుస్తకం తీశాడు. అతని లెక్కలో పెద్ద పద్దులు నాలుగు: వెనక కొత్త శ్లాబు, ఫాల్ సీలింగు, టైల్సు, మూడు ఏసీలు. మిద్దెకు ఉన్నది 'వాటర్‌ప్రూఫ్ పెయింటు' అని చివర్లో ఒక్క గీత.

నేను అదే పేజీ వెనక పడకగది కొలతలు వేశాను. పన్నెండు పదమూడు అడుగుల గది. చదరపు మీటర్లలో పద్నాలుగున్నర. ఇలాంటి వట్టి శ్లాబు లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు దాదాపు 3.5 వాట్ల వేడిని దించుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ముప్పై డిగ్రీల తేడా వేసుకున్నా, ఒక్క కప్పు నుంచే గదిలోకి ఒకటిన్నర కిలోవాట్ల వేడి. ఒక టన్ను ఏసీ లాగేది మూడున్నర కిలోవాట్లు. అంటే దాదాపు అర టన్ను ఏసీ శ్లాబుతో కుస్తీకే పోతుంది, మనుషులకు మిగిలేది మిగతా సగమే. కేంద్రప్రభుత్వం కొత్త ఇళ్లకు 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఆ 3.5 అనే అంకె 1.2 దాటకూడదు. శ్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు పరిస్తే అది 0.55కు దిగుతుంది. అదే గదిలోకి వచ్చే వేడి 240 వాట్లు. తెల్ల టైల్సు కూడా వేస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే అప్పుడు పైన 61 కూడా రాదు.

"ఏంటీ షీట్లు? థర్మోకోలా? మిద్దె మీద థర్మోకోలా?" అన్న నవ్వాడు.

థర్మోకోల్‌కు దాయాది లాంటిదే గానీ గట్టిది, మనిషి నడిచినా అణగదు, నీరు తాగదు. క్రమం మాత్రం తప్పకూడదు. ముందు గచ్చు, తారు, పాత పూతలన్నీ తీసేసి శ్లాబును బయటపెట్టాలి, ఆ బరువు దిగాలి. పెచ్చులూడిన చోట తుప్పు గీకి, కమ్మీలకు పూత వేసి, మరమ్మతు మసాలాతో పూడ్చాలి. ఆ కమ్మీలను చూడటానికి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే, అది మేస్త్రీ పనీ కాదు, తమ్ముడి పనీ కాదు. తర్వాత నీళ్లు దిగకుండా పూత, దాని మీద నీళ్లు కట్టి రెండు మూడు రోజులు నిలబెట్టి కింద చెమ్మ వస్తోందేమో చూడాలి. ఆ తర్వాతే షీట్లు, వాటి మీద వల వేసిన పలచటి కాంక్రీటు, తూము వైపు వాలు, చివరికి తెల్ల టైల్సు. నిలబడి ఉన్న కమ్మీలు కోసేసి మూసేయాలి.

కోసేయాలనగానే అన్న ముఖం మారింది. అవి నాయన కమ్మీలు. నేనూ ఏమీ అనలేదు.

కాసేపటికి అమ్మే అంది, "మీ నాయన ఉంటే ఆయనే కోపిచ్చేవాడు లే. పైన ఎవరుంటారని? నీ కొడుకు బెంగళూరు, వాని కొడుకు ఇంకెక్కడో."

తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం వచ్చింది, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. ఇది ఆంధ్ర, మా స్థలం అయిదు సెంట్లు, అంటే 242 గజాలు. ఏ చట్టమూ మమ్మల్ని బలవంతపెట్టదు. బలవంతపెట్టాల్సింది తొమ్మిది గంటల కప్పే.

తొమ్మిదయింది. భోజనాలయ్యాయి. బయట 34 డిగ్రీలు, వాకిట్లో గాలి బాగానే ఉంది. థర్మామీటరు ఈసారి అన్న చేతికే ఇచ్చాను. పడకగది కప్పు 41. మన ఒంటి చర్మం 33, 34 దగ్గర ఉంటుంది. దానికంటే వేడి వస్తువు కింద పడుకుంటే ఒళ్లు వేడిని వదలడం మాట అటుంచి, పైనుంచి తీసుకుంటుంది. ఫ్యాను ఆ గాలినే తిప్పి కొడుతుంది. అన్న పడసాలలోకి పోయి దంతెలకు గురిపెట్టాడు. 33.5. మళ్లీ ముందుకు వచ్చి కొట్టాడు, 41. అనుమానం తీరక తన నుదుటికి కూడా పెట్టుకున్నాడు.

"ఫాల్ సీలింగు కొట్టేయ్," అంది వదిన నోటుపుస్తకం లాక్కుని. ఆమే గీత గీసింది. "మూడు ఏసీల్లో ఒకటి చాలు, పిల్లోని గదికి. వెనక శ్లాబు లేదు కాబట్టి ఆ డబ్బులో మిద్దె అయిపోతాది. మిగిలేది వంటిల్లు. ఆగ్నేయంలో. గట్టు ఎత్తు నేను నిలబడి కొలుస్తా, ఎవరూ చెప్పొద్దు."

"టైల్సు?" అన్నాడు అన్న.

"ముందుగదిలో బేతంచర్ల బండలకు పాలిష్ పట్టిస్తే ఏమైంది? రాలేదా సంబంధాలు ఇన్నాళ్లూ?"

"గేటు మాత్రం కొత్తది," అన్నాడు అన్న. దాన్ని ఎవరూ కాదనలేదు. గేటు అతనిది.

మేస్త్రీ వాకిట్లో కూర్చుని ఇదంతా వింటూ బీడీ ఆర్పాడు. వానలు పడేలోపు మిద్దె మూయాలంటే ఎల్లుండే మొదలుపెట్టాలన్నాడు. ముందు సగం పని తెల్లవారుజామున అయిదునుంచి పదింటి దాకా, మళ్లీ సాయంత్రం, మధ్యలో మనిషి మిద్దె మీద ఉండలేడు. క్యూరింగుకు నీళ్ల ట్యాంకరు కావాలి, బోరు చాలదు. శ్లాబు మీద పని నడిచేటప్పుడు అందరూ వెనక పడసాలలో ఉంటారు, అది అయ్యాకే వెనక మట్టి దించేది. అమ్మ పంచాంగం తెమ్మంది.

"మిద్దె తవ్వడానికి ముహూర్తమేందమ్మా?" అన్నాడు అన్న.

"తవ్వేదానికి కాదు, కప్పేదానికి." తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఏం మేస్త్రీ, పాత మట్టే పోస్తామంటాండారు. పైపైన కొత్త చవుడు లేకుంటే ఎట్ల? వాననీళ్లు ఆగొద్దా?"

"పైన రెండంగుళాలు కొత్తది పోస్తా పెద్దమ్మా. కానీ ఊరి బయట చవుటి నేలలన్నీ ప్లాట్లు వేసినారు. యాడ దొరుకుతాదో కనుక్కోవాల. ఒక ట్రాక్టరు చాలు."

"రెండు," అంది అమ్మ.

"ఒకటిన్నర అవుతాది."

"అర ట్రాక్టరు ఎవరు తోల్తారు? రెండు చెప్పు. మిగిలింది దొడ్లో పోస్తావు."